తిమ్మక్క పాసైన పరీక్ష

జొన్నపెంట ముసలివాళ్లందరూ కలిసి ఒకే కథను బట్టీ పట్టడం పాలకేంద్రం దగ్గరే మొదలైంది. ఇంకెక్కడ మొదలవుతుంది? పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో పొద్దున్నే సగం జనం పాలక్యాన్లు పట్టుకుని కేంద్రం ముందు వరుసలో నిలబడతారు. తమ వంతు వచ్చేదాకా చేతులకు పని ఉండదు, ఆ పని కూడా నోళ్లే చేస్తాయి. రాత్రి ఎవరింట్లో కూర మాడిందో తెలుసుకోవాలన్నా అక్కడికే పోవాలి.

కథను తెచ్చినవాడు బాలప్ప. డెబ్బై దాటిన మనిషి, రెండావుల రైతు, మాటల్లో మాత్రం పెద్ద కామందు. ముందురోజు నీరజ అనే అమ్మాయి స్కూటీ మీద వాళ్లింటికి వచ్చింది. మదనపల్లె పిల్ల. కుప్పంలో ఒక వైద్య కళాశాల డాక్టర్లు మతిమరుపు మీద పరిశోధన చేస్తుంటే, వాళ్ల తరఫున ఊళ్లు తిరిగి అరవై దాటినవాళ్ల జ్ఞాపకశక్తి చూసే ఉద్యోగం ఆమెది. ఒక చిన్న కథ చదివి వినిపిస్తుంది. కాసేపు వేరే సంగతులు అడిగి, ఇందాకటి కథ చెప్పమంటుంది. ఎంత గుర్తుందో రాసుకుని పోతుంది.

"ఏం కథప్పా అది?" అని వరుసలో ఎవరో అడిగారు.

అడగడమే ఆలస్యం, బాలప్ప క్యాను కింద పెట్టేశాడు. "రంగమ్మ అని ఒకామె. సంతకు నాలుగు కోళ్లు ఎత్తుకోని పోతాంటే దావలో వాన పట్టుకునె. బడి అరుగు మీద నిలబడె. ఒక కోడి తప్పిచ్చుకోని పాయె. బడిపంతులు దాన్ని పట్టుకొచ్చి ఇచ్చె. అంతే కథ."

"అంతేనా?" అన్నారు జనం, చప్పగా.

అది బాలప్పకు అవమానంగా తోచింది. తను తెచ్చిన కథ చప్పగా ఉందంటే ఊరుకునే మనిషి కాదు. "అంతే ఎట్లయితాది? కోడి ఊరికే పోతాదా? నల్లకుక్క తరిమింది దాన్ని. పంతులు కంపలో దూరి పట్టినాడు. పంచె పర్రున చినిగిపాయె!"

వరుసంతా గొల్లుమంది. ఆ నవ్వుతో కథ ఊరంతా పాకింది. నీరజ ఇంకా చూడవలసిన ఇళ్లు చాలా ఉన్నాయి. పరీక్ష అన్నాక పాస్ కావాలి కదా, ప్రశ్న ముందే తెలిశాక ఫెయిలయ్యేవాడు ఉంటాడా? సాయంత్రానికి అవ్వలూ తాతలూ గడపల మీద కూర్చుని రంగమ్మను, కోళ్లను, నల్లకుక్కను, చినిగిన పంచెను వల్లెవేయడం మొదలుపెట్టారు.

అందరూ నవ్వుతుంటే ఒక్క మునీశ్వరి మాత్రం నవ్వలేదు. పాలకేంద్రం నడిపేది ఆమే. వెన్న శాతం చూసే మిషన్ ముందు కూర్చుని, పాలు కొలుస్తూ, ఆ కథను మాట పొల్లుపోకుండా విని మనసులో దాచుకుంది. ఊరందరికీ అది సరదా. ఆమెకు కాదు.

ఆమె తల్లి తిమ్మక్కకు ఏదో అవుతోంది. అరవై ఎనిమిదేళ్లు. మొగుడు పోయాక ఒక్కగానొక్క కూతురి దగ్గరికే వచ్చేసి, ఆవుల పనంతా తన నెత్తినేసుకుని చేసే మనిషి. ఏడాదిగా మాట మధ్యలో ఆగిపోతోంది. పొయ్యి మీద కుండ పెట్టి కొట్టంలోకి పోయి అక్కడే ఉండిపోతోంది. అడిగిందే అడుగుతోంది. కాళ్లలో తిమ్మిర్లంటుంది, నడుస్తుంటే నేల తెలియట్లేదంటుంది. అల్లుడు రెడ్డెప్ప ఆటో తోలుకుని ఇంటికొస్తే, "వచ్చినావా నాయనా, తిన్నావా?" అని అడిగి, తిన్నానని చెప్పిన కాసేపటికి మళ్లీ అదే అడుగుతుంది. ఆయన మంచివాడు, ప్రతిసారీ తిన్నానత్తా అనే అంటాడు.

మునీశ్వరికి భయమంతా ఒక్క మాట మీద. ఆమె చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో తిమ్మక్కకు పెద్దమ్మ వరస ఒకామె ఉండేది. ఇలాగే మరిచిపోవడం మొదలైతే పిచ్చి పట్టిందన్నారు. పొయ్యి ముట్టుకోనివ్వలేదు. పలకరించే మనిషి లేక ఆమె కొట్టం మూల కూర్చుని కూర్చునే పోయింది. పలకరించనివాళ్లలో తిమ్మక్క కూడా ఉంది. అందుకే తిమ్మక్కకూ ఆ మాటంటే హడలు. అమ్మ పేరు పక్కన ఆ మాట ఎవరూ రాయకూడదు, అంతే. మునీశ్వరికి తెలిసిన దారల్లా అమ్మను పాస్ చేయించడమే.

అమ్మకు ఆమె పొద్దునా మాపూ పాఠం చెప్పింది. ఆవుల కింద పేడ తీస్తూ, సంగటి కెలుకుతూ, "రంగమ్మ యాడికి పోతాండాది మా?" అని అడగడం, తిమ్మక్క తడుముకుంటే అందించడం. పాత సంగతులు పట్టుబడినట్టు కొత్తవి పట్టుబడకపోయినా, వందసార్లు చెబితే రాయి కూడా నేర్చుకుంటుంది. నీరజ వాళ్లింటికి వచ్చేనాటికి తిమ్మక్క ఆ కథను కళ్లు మూసుకుని అప్పజెప్పేలా తయారైంది.

నీరజ గడప దగ్గర చాప మీద కూర్చుని కథ చదివింది. కాసేపు ఆవుల గురించి అడిగి, "అవ్వా, ఇందాక నేను చెప్పిన కథ చెప్తావా?" అంది.

తిమ్మక్క గొంతు సవరించుకుంది. రంగమ్మ, సంత, నాలుగు కోళ్లు, వాన, అరుగు, పంతులు. ఒక్కటీ తప్పలేదు. నల్లకుక్కా చినిగిన పంచే కూడా వచ్చాయి. నీరజ తలెత్తి చూసి ఏదో అనబోయి మానుకుని రాసుకుంది. "బాగుండాదవ్వా నీ జ్ఞాపకం. నాకన్నా నువ్వే మేలు" అని లేచింది.

స్కూటీ వెళ్లిపోగానే మునీశ్వరి తల్లి బుగ్గలు పట్టుకుని ఊపేసింది. "పాసయినావు మా!"

"దేంట్లో?" అంది తిమ్మక్క.

ఆ పాసు సంబరం నాలుగు నాళ్లు కూడా నిలవలేదు. పాలకేంద్రంలో పాలన్నీ కలిసే పెద్ద క్యాన్లు వ్యానులో పుంగనూరు శీతల కేంద్రానికి పోతాయి. అక్కడ ఒక గరిటెడు తీసి కాచి చూస్తారు. ఆరోజు జొన్నపెంట పాలు కాచగానే ముద్దలు ముద్దలుగా విరిగిపోయాయి. క్యాన్లన్నీ వెనక్కి పంపారు. ఊరంతటి పొద్దుటి పాలు కాలవలో పోశారు.

పాలు అలా విరగడానికి ఎండ కారణం కాదు, క్యాను మురికీ కాదు. మునీశ్వరికి చూడగానే తెలిసింది, జున్నుపాలు కలిశాయి. ఆవు ఈనిన కొత్తలో పాలను ఎవరూ కేంద్రానికి పోయరు, ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతది. ఆ వారం ఊళ్లో ఈనిన ఆవు ఒక్కటే. అది వాళ్లింటిదే. అందరి పాలూ చూసి పోసుకునే మునీశ్వరి ఇంటి పాలను మాత్రం ఏనాడూ చూసేది కాదు. అమ్మ పిండిన పాలను చూడడమేమిటి?

కొట్టంలోకి పరుగెత్తింది. తిమ్మక్క గడ్డి వేసే గాటి పక్కన నిలబడి దూడ వీపు నిమురుతోంది.

"మునీ, ఈ దూడ ఎవురిది? బలే ముద్దుగుండాది."

రెండు రోజుల కిందట ఆ దూడ అడ్డం తిరిగితే చేయి పెట్టి సరిచేసి బయటికి లాగింది తిమ్మక్కే. రెడ్డెప్ప దీపం పట్టుకుంటే, మునీశ్వరి గోనెపట్టా పరిస్తే, ఈమే లాగింది. మునీశ్వరి అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయింది. "మనదే మా. మన గౌరి దూడ" అని మాత్రం అనగలిగింది.

తిమ్మక్క చాలాసేపు దూడవంక, ఆవువంక, కూతురువంక చూసింది. ఆమెకు మతి తప్పుతోంది గానీ తెలివి తప్పలేదు. "అయితే పొద్దున నేను పోసిండేది జున్నుపాలా?" అంది. మునీశ్వరి తల ఊపింది.

"ఊరోళ్లకు ఏమని చెప్పినావు?"

"క్యాను సరిగా కడగలేదు, తప్పు నాదేనని చెప్పినా."

"నాకేందో అయితాండాది మునీ" అని తిమ్మక్క గాటి మీద కూర్చుంది. "నాకు తెల్సు. తెల్లారి లేస్తే ఇది మనిల్లా, మాయమ్మోళ్ల ఇల్లా అని కాసేపు తెలీదు. బయపడి నీకు చెప్పలా. నువ్వు బయపడి నాకు చెప్పలా. ఇద్దరం కలిసి ఆ రంగమ్మ కోళ్లు కాసుకుంటా కూసున్నాం." అని చీర కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. మునీశ్వరి తల్లి మోకాళ్ల మీద తలపెట్టి తనూ ఏడ్చింది. ఇన్నాళ్లూ దాచిన దుఃఖం ఒక్కసారిగా బయటపడింది.

అయినా సరే, నోరు విప్పి ఊరికి చెప్పడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. మరునాడూ మిషన్ ముందు కూర్చుంది. క్యాను సరిగా కడగాలమ్మా అని ఒకరు, ఇట్లయితే మేం పలమనేరు డెయిరీ వ్యానుకు పోసుకుంటాం అని ఇంకొకరు అంటుంటే తలొంచుకుని పాలు కొలిచింది.

నీరజ మళ్లీ వచ్చింది అలాంటి ఒక పొద్దున. ఈసారి ఇళ్లకు పోలేదు. స్కూటీని పాలకేంద్రం ముందే ఆపి, హెల్మెట్ తీసి, వరుసవంక తేరిపార చూసింది.

"పెద్దోళ్లందరూ ఈడనే ఉండారు, మంచిదే. ఒక మాట అడగతా, నిజం చెప్పండి. ఆ కథలో నల్లకుక్క యాడినుంచి వచ్చింది?"

వరుసలో తలలన్నీ పాలక్యాన్లవైపు వాలాయి.

"నా పేపర్లో కుక్క లేదు. పంచె చినగలేదు. ఇంతకుముందు పదూర్లు తిరిగినా, యాడా కుక్క రాలేదు. మీ ఊర్లో అందరి కథలోనూ అదే కుక్క అరిచింది, అదే పంచె చినిగింది. కుప్పంలో మా డాక్టరు సార్ చూసి, జొన్నపెంట పరీక్షలన్నీ పక్కన పారేయమన్నాడు. నేనే కూసోని రాసుకుంటినని అనుకుంటాండారు అందరూ. నా ఉద్యోగానికే ఎసరొచ్చింది."

బాలప్ప తుండు తీసి ముఖం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా. ఒకావిడ క్యాను మూత బిగించుకుంది, బిగించిన మూతనే మళ్లీ బిగించుకుంది. అంతా కలిసి చేసిన అల్లరి, ఎవరు ముందు నోరు విప్పుతారు?

మిగతావాళ్లు సరదాకు నేర్చుకున్నారు, మునీశ్వరి దాచడానికి నేర్పింది. ఆ తేడా ఆమెకొక్కదానికే తెలుసు. అరుగు చివర తిమ్మక్క కూర్చునుంది, ఎటో చూస్తోంది. ఇప్పుడు ఊరుకుంటే ఈ అమ్మాయి స్కూటీ ఎక్కి వెళ్లిపోతుంది. ఇంక ఈ ఊరికి రాదు. అమ్మ సంగతి అడిగే మనిషే ఉండదు.

మునీశ్వరి లేచి నిలబడింది. "నీ తప్పు ఏమీ లేదు నీరజా. కథ ముందే తెల్సుకోని బట్టీ పట్టినాం. అందరూ పట్టినారు, నేను ఇంకా ఎక్కువ. మాయమ్మకు పొద్దునా మాపూ నేర్పిచ్చినా. ఏమిటికంటే మాయమ్మకు మతి నిలబడడంలేదు. నువ్వు రాసుకోని పోతే పిచ్చిదని అంటారని బయపడినా." ఊపిరి తీసుకుని ఊరివైపు తిరిగింది. "ఆపొద్దు పాలు విరిగింది క్యాను వల్ల కాదు. మాయమ్మ మర్చిపోయి జున్నుపాలు పోసింది. నేను సూడకుండా కలిపినా. తిట్టాలంటే నన్ను తిట్టండి, ఆమెను ఏమన్నా అన్నారంటే మాత్రం ఊరుకోను."

ఎవరో పాలు పోయిన సంగతి ఎత్తబోయారు. బాలప్ప గసిరాడు. "ఉండప్పా నువ్వు! పాలు రేపు పిండుకుంటాం." తర్వాత నీరజవైపు తిరిగి తల గోక్కున్నాడు. "కుక్క నాదేనమ్మా. కథ చప్పగుండాదంటే నేనే వదిలినా. ఆ పంచె గూడా నేనే చినిపినా."

నీరజకు కోపం రావలసింది. వచ్చింది కూడా, ముక్కుపుటాలు ఎగరేసింది. కానీ బాలప్ప ముఖం చూసి ఆపుకోలేక పక్కుమంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని మునీశ్వరి దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీకు ఎవురు చెప్పినారు ఇది పాసూ ఫెయిలూ పరీచ్చని? ఇందులో ఎవురికి గుర్తుండడంలేదో వాళ్లనే కుప్పం పిలిపిచ్చి రక్తం చూసేది, డాక్టరు చూసేది. గుర్తుండేవాళ్లను ఇంట్లోనే వదిలేస్తాం. నువ్వు మీయమ్మను పాస్ చేయించి వైద్యం లేకుండా చేసినావు."

మునీశ్వరికి చెంప మీద కొట్టినట్టయింది. మంచి చేస్తున్నాననుకుంటూ అమ్మ దారికి తనే అడ్డం నిలబడింది.

అప్పుడు వరుసలోంచి ఒకావిడ నెమ్మదిగా అంది. "అమ్మాయ్, మా ఆయన గూడా ఈమధ్య ఈపొద్దు ఏ వారమో మర్చిపోతాండాడు. నేనే నేర్పిచ్చినా కథ. ఆయన్ను గూడా పిలుస్తారా?" ఆమె వెనక ఇంకొకరు గొంతు సవరించుకున్నారు. ఆరోజు పాలు కొలవడం ఆలస్యమై వ్యాను డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు, ఎవరూ లెక్కచేయలేదు.

మరుసటి వారం తల్లీకూతుళ్లు పలమనేరులో బస్సు మారి కుప్పం చేరుకున్నారు. అక్కడ తిమ్మక్కకు కొత్త కథ చదివారు, గోడకు సున్నం వేయడానికి నిచ్చెన ఎక్కిన మేస్త్రీ కథ. మునీశ్వరిని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి తల్లి గొంతు వినబడుతోంది.

"చెప్పవ్వా, ఇందాకటి కథ."

తిమ్మక్క గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "రంగమ్మ అని ఒకామె. సంతకు నాలుగు కోళ్లు ఎత్తుకోని..."

మునీశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తను నాటిన మొక్క అది. మేస్త్రీ రావలసిన చోట కూడా రంగమ్మే వచ్చి కూర్చుంది. లోపలివాళ్లు ఏమీ అనకుండా రాసుకున్నారు. తర్వాత రక్తం తీశారు.

డాక్టరు ఉమాశంకర్ నెమ్మదస్తుడు. తల నెరవడం మొదలైన వయసు, ఆ పక్కవాడే కాబట్టి మాట కూడా అదే. తిమ్మక్క చేతులు పట్టుకుని చూశాడు, కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. నిలబడితే ఆమె తూలింది. ఏం తింటావని అడిగాడు.

"సంగటి, రోట్లో నూరిన ఊరిబిండి, పప్పు. మాయాయన పోయినాక మాంసం మానుకున్నా."

"చక్కెర జబ్బుకు మాత్రలు ఎన్నేండ్లుగా?"

"పదేండ్లు దాటింటాది సార్" అంది మునీశ్వరి.

"పాలు, పెరుగు?"

మునీశ్వరి తల్లివంక చూసింది. ఇంట్లో మూడావులు పిండుతారు. పిండిన ప్రతి చుక్కా కేంద్రానికే పోతుంది. అమ్మ కాఫీ నల్లగా ఉంటుందని ఆమెకు తెలుసు, కానీ ఎప్పుడూ ఆలోచించలేదు. తిమ్మక్కే అందుకుంది. "పాలు అమ్ముకునేటోళ్లం గదా నాయనా, మాకు యాడ మిగలతాయి?"

డాక్టరు నవ్వలేదు, తప్పూ పట్టలేదు. "సూడమ్మా, మతిమరుపు అంటే ఒకే జబ్బు కాదు. మెదడులో కొన్ని మాంసకృత్తులు పేరుకోని మెల్లిగా మెదడును తినేది ఒకటి, దాన్ని అల్జీమర్స్ అంటాం. రక్తం సరిగా అందక వచ్చేది ఒకటి. థైరాయిడ్ వల్ల వస్తాది. బి పన్నెండు అనే విటమిన్ తగ్గితే వస్తాది. మొదటి రెండింటిని వెనక్కి తిప్పడం మా చేతుల్లో లేదు ఇంకా. కడపటి రెండింటిని చాలావరకు తిప్పగలం. ఏదో తెలీకుండా అన్నిటికీ పిచ్చి అని పేరు పెట్టి మూల కూసోబెడితే ఎట్ల?"

"మరి ఆ మొదటిదా కాదా అని ఎట్ల తెలుస్తాది సార్?" అంది మునీశ్వరి.

"అదే మేము ఎతుకుతాండేది. రక్తంలోనే ఒక మాంసకృత్తు కొలిచి కనిపెట్టే పరీక్షలు ఇప్పుడు వచ్చినాయి. మునుపు వెన్నులో సూది గుచ్చి నీళ్లు తీయాల, లేదంటే పెద్ద స్కానింగు. కానీ ఆ లెక్కలు ఎక్కువభాగం బయటి దేశాలోళ్ల రక్తం సూసి కట్టినవి. బడికి పోకుండా, ఎండలో పనిచేసి, సంగటి తినే మీయమ్మకు ఎంత ఉంటే ఎక్కువ, ఎంతుంటే తక్కువ అని గట్టిగా చెప్పాలంటే ఇట్లాంటోళ్లను శానామందిని సూడాల. అందుకే నీరజ ఎండనపడి తిరగతాండేది. మీ ఊరోళ్లు బట్టీ పట్టి చెప్తే మాకు లెక్క తప్పుతాది, రేపు ఇంకో అవ్వకు మందు తప్పుతాది."

మునీశ్వరి చేతులు జోడించింది. తిమ్మక్క మాత్రం డాక్టరువంక సూటిగా చూసి, "నా రక్తం పనికొస్తాదంటే ఇంకో సీసాడు తీసుకో నాయనా. పిండితే వచ్చేదే గదా" అంది. ఆయన మొదటిసారి పకపకా నవ్వాడు.

కొన్నాళ్లకు ఫోను వచ్చింది. పాలు కొలుస్తున్న మునీశ్వరి మిషన్ ఆపేసి చెవికి ఆనించుకుంది. "మీయమ్మకు బి పన్నెండు బాగా అడుగంటిందమ్మా. ఆ చక్కెర మాత్రల వల్ల కొంత, తిండి వల్ల కొంత. మొదట ఇదే తేలింది, సంతోషపడు" అన్నాడు ఉమాశంకర్.

"జబ్బు ఉండాదంటే సంతోషం ఏంది సార్?"

"దీనికి సూది మందు ఉండాది కాబట్టి. అంతా తిరిగొస్తాదని మాట ఇయ్యను. శానాకాలం తక్కువుండింది, ఎంత తేరుకుంటాదో సూడాల. ఆ మొదటి జబ్బు లేదనీ ఇప్పుడే చెప్పను, సూస్తాంటాం. కానీ మొదలు పెడదాం."

సూదులు పుంగనూరులోనే వేశారు, మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికొకటి. రెడ్డెప్ప ఆటోలో ముందు సీట్లోకి అత్తను ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. ఇంట్లో గౌరి పిండే మొదటి చెంబు ఇక కేంద్రం ముఖం చూడలేదు. తిమ్మక్కకు మధ్యాహ్నం గడ్డపెరుగు, మాపటికి పాలు. మొదట్లో ఆమె గొణిగింది, అమ్ముకునే పాలు తాగితే చేతికి ఏమొస్తుందని. "నువ్వొస్తావు" అంది మునీశ్వరి, ఇంకేం మాట్లాడనివ్వలేదు.

బాగుపడడం ఒక్కరోజులో కనబడలేదు. నెల గడిచినా మునీశ్వరికి ఏమీ తెలియలేదు, లోపల్లోపల కుమిలిపోయింది. మొదట కాళ్ల తిమ్మిర్లు తగ్గాయి. తర్వాత ఒకరోజు రెడ్డెప్ప అన్నం దగ్గర చెయ్యి ఆపి, "ఏమే, మీయమ్మ ఈపొద్దు నన్ను తిన్నావా అని ఒకేసారి అడిగింది" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, దిష్టి తగులుతుందని ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు మళ్లీ తడబడేది. ఊళ్లో మాత్రం ఎవరూ ఆమెను మూల కూర్చోబెట్టలేదు. పైగా ఇంకో ముగ్గురు కుప్పం పోయివచ్చారు. వాళ్లలో ఒకాయనకు మతిమరుపు కాదు చెవుడని తేలింది. చెవికి మిషన్ పెట్టించుకున్నాక బాలప్ప అబద్ధాలన్నీ వినబడుతున్నాయని ఆయన ఒకటే గొడవ.

నాలుగు నెలలు గడిచాక నీరజ వచ్చింది, మళ్లీ పరీక్ష చేయడానికి. తిమ్మక్క చాప పరిచి, కాళ్లు ముడుచుకుని కూర్చుని, కూతురివంక చూసింది. "మునీ, నువ్వు కొట్టంలోకి పో."

"నేనేం మాట్లాడను మా."

"నీ సంగతి నాకు తెల్సు. నీ నోరు ఊరుకున్నా నీ కండ్లు అందిస్తాయి. పో."

మునీశ్వరి కొట్టంలోకి పోయింది గానీ చెవులు గడప దగ్గరే వదిలిపెట్టింది. నీరజ కొత్త కథ చదివింది. టమాటాలు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు పోతున్న అన్నదమ్ములిద్దరి లారీ ఘాట్ రోడ్డులో ఆగిపోతుంది. మెకానిక్కు వచ్చేదాకా వాళ్లు రోడ్డు పక్కన కూర్చుని ఉడికించిన వేరుశనక్కాయలు తింటారు. చీకటి పడేలోగా మార్కెట్టు చేరతారు. తర్వాత నీరజ వానల గురించి, ఆవుల గురించి కాసేపు మాట్లాడింది. "ఇంక చెప్పవ్వా."

తిమ్మక్క నిదానంగా మొదలుపెట్టింది. టమాటాలు వచ్చాయి. అన్నదమ్ములు వచ్చారు. "అన్నా తమ్ముడా, బావా బామ్మర్దా?" అని తనే ప్రశ్నించుకుని, "అన్నదమ్ములే" అని తనే తేల్చింది. మదనపల్లె, లారీ, ఘాట్ రోడ్డు. మెకానిక్కు కోసం కూర్చున్నారు. "ఆడ కూసోని..." ఆగిపోయింది. "కూసోని ఏమో తిన్నారు."

కొట్టంలో మునీశ్వరి పెదాలు వాటంతటవే కదిలాయి. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. అందించడానికి అలవాటుపడిన నోరు అది, మూయడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

తిమ్మక్క నుదురు రుద్దుకుంది. సంగటి అని అనొచ్చు, బజ్జీలనీ అనొచ్చు, కల్పించడం ఎంతసేపు? అలా అనలేదు. "గుర్తు రాలేదమ్మా. రాలేదనే రాసుకో. మాపటికి మార్కెట్టుకు పోయినారు. అంతే."

నీరజ రాసుకుంది. పోయినసారి కుప్పంలో వచ్చినదాంతో పోల్చి చూసి, ఆ అమ్మాయి ఒక క్షణం పెన్ను ఆపి కళ్లు తుడుచుకుంది. "బాగుండాదవ్వా. ఈసారి నిజంగానే బాగుండాది" అని లేచి, సంచీ సర్దుకుని, హెల్మెట్ పెట్టుకుని స్కూటీ స్టార్ట్ చేసింది.

"అమ్మాయ్! ఆగు, ఆగు!" తిమ్మక్క చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తింది. "శనక్కాయలు! ఉడకేసిన శనక్కాయలు తిన్నారు!"

నీరజ స్కూటీ ఆపి నవ్వింది. "టైమయిపాయెనవ్వా. ఇప్పుడు చెప్తే మార్కు వెయ్యకూడదు."

"నీ మార్కు ఎవురికి కావాల మే? నాకు వచ్చిందా లేదా, అది చెప్పు!"

నీరజ నోరు తెరిచేలోగానే కొట్టంలోంచి మునీశ్వరి పరుగెత్తుకొచ్చింది. వీధిలో అందరూ చూస్తుండగా తల్లిని గట్టిగా వాటేసుకుని, "వచ్చింది మా, వచ్చింది" అంది.